పెద్ద విమానం చిన్న విమానాన్ని కలిపేసుకుంటే మన ఊరికి ఏం మిగులుద్ది?

పోయిన నెల ఇదే పేజీలో చిన్న ఊళ్ళ ఎయిర్‌పోర్టుల గురించి రెండు ముక్కలు రాశా, అంతే, ఉత్తరాలు మెయిళ్ళు వాట్సాప్ మెసేజులు అన్నీ ఒకటే ప్రశ్న చుట్టూ తిరిగాయి. పెద్ద ఎయిర్‌లైన్ చిన్న రీజనల్ ఎయిర్‌లైన్‌ని కొనేసి కలిపేసుకుంటే మంచిదా చెడ్డదా అని. అందుకే ఈసారి బంగారం లేదు, మ్యూచువల్ ఫండ్లు లేవు, మొత్తం విమానాలే.

ప్రశ్న: నాకు రైస్ మిల్లుంది, నెలకి రెండుసార్లు రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్ళొస్తుంటా. ఈ చిన్న విమాన కంపెనీలు బ్యాండు మేళంతో మొదలవుతాయి, రెండు మూడేళ్ళకి చప్పుడు లేకుండా మూతపడతాయి. ఇలా ఒక్కొక్కటీ చచ్చేకన్నా ఏ పెద్ద కంపెనీయో కలిపేసుకుంటే పోలా అని నేనంటా. మా బామ్మర్ది వద్దంటాడు, పోటీ లేకపోతే రేట్లు పెంచేస్తారంట. ఎవరు కరెక్టో మీరే తేల్చాలి. (రాజమండ్రి)

జవాబు: మీ బామ్మర్దే కరెక్టండీ, కాకపోతే ఆయన చెప్పిన కారణం సగమే. రేట్ల సంగతి తర్వాత, ముందసలు పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కొన్నప్పుడు దాని చేతికి ఏమొస్తుందో చూడాలి. రాజమండ్రి రూటు వస్తుందని మీరు అనుకుంటున్నారు, కానీ మన దేశంలో లోపలి రూట్లు చాలా వరకు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా విమానం తెచ్చి తిప్పుకోవచ్చు, దానికి కంపెనీని కొనక్కర్లేదు. విమానాలా అంటే అవి చాలా వరకు అద్దెవే, లీజు మారుద్దంతే. ఇక నిజంగా విలువున్నవి ఏంటంటే ముంబై, ఢిల్లీ లాంటి చోట్ల ఉదయం సాయంత్రం ల్యాండింగ్ స్లాట్లు (అంటే విమానం దిగడానికి ఇచ్చే టైములు), ట్రైనింగ్ అయిపోయి రెడీగా ఉన్న పైలట్లు, ఒక్కోసారి ప్రభుత్వం పర్మిషన్లు. రాజమండ్రిలో స్లాట్ కోసం ఎవరూ కొట్టుకోరు కదా, రన్‌వే చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. అంటే కొనేవాడు డబ్బులు పెట్టేది మన ఊరి కోసం కాదన్నమాట, మరి కొన్నాక ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే మొదట కోసేది ఏ ఊరినో వేరే చెప్పాలా.

దీనికి మనకి తెలిసిన కథే ఉంది, ఎయిర్ డెక్కన్. కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలెట్టారు, మన వాళ్ళకి బాగా గుర్తుండే ఉంటుంది, హైదరాబాద్ విజయవాడ సర్వీసు మొదలైన రోజే బేగంపేటలో ఇంజన్‌లో మంటలొచ్చాయి, లోపల వెంకయ్యనాయుడు గారు కూడా ఉన్నారు, అందరూ క్షేమంగా దిగిపోయారు. మామూలు కంపెనీ అయితే ఆ రోజే దుకాణం కట్టేసేది, వీళ్ళు మాత్రం ఏటీఆర్ అనే రకం చిన్న విమానాలతో హుబ్లీ అనీ విజయవాడ అనీ ఊరూరూ తిరిగి, రైలు ఏసీ టికెట్ కొనేవాడిని విమానం ఎక్కించారు. లాభాలు మాత్రం రాలేదు, పీకల్లోతు నష్టాలు.

అప్పుడొచ్చాడు విజయ్ మాల్యా. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ ఎర్ర తివాచీ, సీటు సీటుకీ టీవీ, అంతా దర్జా. ఆ రోజుల్లో ఒక రూలుండేది, ఫారిన్‌కి విమానం నడపాలంటే దేశంలో 5 ఏళ్ళు నడిపి ఉండాలి, చేతిలో 20 విమానాలుండాలి అని. కింగ్‌ఫిషర్‌కి 5 ఏళ్ళు నిండాలంటే 2010 దాకా ఆగాలి, డెక్కన్‌కేమో 2008 ఆగస్టుకే నిండుతాయి. 2007లో సుమారు 550 కోట్లు పెట్టి డెక్కన్‌లో 26 శాతం కొన్నాడు. తర్వాత కలిపేటప్పుడు కాగితాల మీద చూస్తే కొన్న కింగ్‌ఫిషరే వెళ్ళి డెక్కన్ కంపెనీలో కలిసింది, ఆ తర్వాత ఆ కంపెనీకి కింగ్‌ఫిషర్ పేరు పెట్టుకున్నారు. 2008 సెప్టెంబరు 3న బెంగళూరు నుంచి లండన్‌కి విమానం ఎగిరింది. తమాషా ఏంటంటే కొనే నాటికి ప్రయాణికుల లెక్కలో డెక్కనే పెద్దది, అయినా దాని ఊళ్ళూ దాని జనమూ ఈయనకి అక్కర్లేదు, దాని వయసు కావాలి అంతే.

ఆ తర్వాత సంగతి చూడండి. డెక్కన్ పేరు తీసేసి కింగ్‌ఫిషర్ రెడ్ అన్నారు, విమానం మీద అదే పిట్ట బొమ్మ, లోపల చవక టికెట్. మరి జనం తెలివితక్కువ వాళ్ళా, అదే కంపెనీ అదే పేరు, తక్కువకి వస్తుంటే ఎక్కువ పెట్టి ఎందుకు కొంటారు, దాంతో వాళ్ళ చవక టికెట్టే వాళ్ళ ఖరీదు టికెట్‌ని తినేసింది. 2011 సెప్టెంబరులో రెడ్ ఎత్తేస్తాం అన్నారు, 2012 అక్టోబరుకి మొత్తం ఆగిపోయింది, బ్యాంకులకి వడ్డీలతో కలిపి 9 వేల కోట్ల పైన బాకీ, 2016 మార్చిలో ఆయన లండన్ విమానం ఎక్కేశాడు. ఎయిర్ డెక్కన్ అలవాటు చేసిన చిన్న ఊళ్ళకి ఆ మధ్యలో అటు డెక్కనూ లేదు ఇటు కింగ్‌ఫిషరూ లేదు.

ఒక్కడి పొరపాటే అనుకుంటారేమో, అదే టైములో జెట్ ఎయిర్‌వేస్ వాళ్ళు ఎయిర్ సహారాని కొన్నారు. 2006 జనవరిలో సుమారు 2300 కోట్లకి బేరం, జూన్‌కి బేరం చెడిపోయి గొడవ ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది, చివరికి 2007 ఏప్రిల్‌లో 1450 కోట్లకి తెగింది. పేరు జెట్‌లైట్. పేరుకి లైటే గానీ బరువు మాత్రం జెట్ నెత్తి మీద పడింది, 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం దిగేదాకా ఆ బరువు మోస్తూనే ఉంది. జెట్ పోవడానికి సహారా ఒక్కటే కారణం అని నేననను, అప్పులు, ఆయిల్ రేట్లు, యజమాని పట్టుదల అన్నీ ఉన్నాయి, కానీ అప్పు చేసి పప్పుకూడు తినడం మొదలైంది మాత్రం అక్కడే అని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వీళ్ళిద్దరూ పెళ్ళిళ్ళ హడావుడిలో ఉన్నప్పుడు ఇండిగో వాళ్ళు 2005లో ఒకేసారి 100 ఎయిర్‌బస్‌లు ఆర్డర్ ఇచ్చి, 2006 ఆగస్టు నుంచి ఒకే రకం విమానంతో మాట్లాడకుండా పని చేసుకుంటూ పోయారు. ఒకే రకం అంటే ఒకే స్పేర్ పార్ట్లు, ఏ పైలట్‌నైనా ఏ విమానం మీదైనా వెయ్యొచ్చు, మెకానిక్కి ఒకటే మాన్యువల్. ఇన్నేళ్ళలో ఒక్క ఎయిర్‌లైన్‌ని కూడా కొనలేదు. చిన్న ఊళ్ళకి వెళ్ళాలనిపించినప్పుడు 2017లో సొంతంగా ఏటీఆర్‌లు ఆర్డర్ ఇచ్చి ఆ డిసెంబరులో హైదరాబాద్ నుంచి మంగళూరుకి మొదలెట్టారు. కొనకుండానే చిన్న ఊళ్ళకి వెళ్ళొచ్చని చూపించారుగా, మరి ఇంకా కలపడం ఎందుకండీ?

కొనడం వద్దే వద్దని కూడా అననులెండి. చిన్న కంపెనీ రేపో మాపో చచ్చిపోతుంది, కొనేవాడి విమానాలూ దీని విమానాలూ ఒకటే రకం, అప్పు తీర్చే డబ్బు చేతిలో ఉంది, అప్పుడు కొంటే నాకు అభ్యంతరం లేదు, కనీసం ఉద్యోగాలైనా మిగులుతాయి. ఈ మూడూ కలిసి రావడం మాత్రం జాతకాలు కలిసినంత అరుదు.

ప్రశ్న: సార్ మాది కడప. చిన్నప్పుడు ట్రూజెట్‌లో హైదరాబాద్ వెళ్ళాం, మా ఇంట్లో అదే ఫస్ట్ విమానం. దాన్ని ఎవరైనా పెద్దవాళ్ళు కొనుంటే ఇప్పటికీ ఉండేదా? (డిగ్రీ స్టూడెంట్)

జవాబు: ముందు ఒక మాట, నువ్వు ఎక్కింది మామూలు విమానం కాదు బాబూ, చరిత్రలో ఉన్న రూటు. చిన్న ఊళ్ళకి విమానాలు నడిపితే ప్రభుత్వం సాయం చేసే ఉడాన్ స్కీమ్‌లో 2017 ఏప్రిల్ 27న మొదటి విమానాలు ఎగిరాయి చూడు, సిమ్లా ఢిల్లీ ఒకటి, నాందేడ్ హైదరాబాద్ ఒకటి, మూడోది మీ కడప హైదరాబాద్. ఆ చివరి రెండూ ట్రూజెట్‌వే. 2015 జులైలో తిరుపతి రూటుతో మొదలైన హైదరాబాద్ కంపెనీ, రామ్‌చరణ్ పేరు కూడా దాంతో వినపడేది. 2022 ఫిబ్రవరికి ఆగిపోయింది. మన విజయవాడ వాళ్ళదే ఎయిర్ కోస్తా, 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్‌లతో మొదలెట్టి, నాలుగు నెలలు తిరక్కుండానే ఇంకో 50 విమానాలు కావాలని ఒప్పందం కూడా చేసుకున్నారు, 2017 ఫిబ్రవరికి అదీ ఆగింది. ఇద్దరూ మనవాళ్ళే, చెప్పుకుంటే బాధే.

ఇవి ఎందుకు ఆగిపోతాయో ఒక్కసారి లెక్క చూడు. ఏటీఆర్‌లో డెబ్భై చిల్లర సీట్లు, మీ కడప లాంటి ఊరికి అది సరిపోద్ది. 80 సీట్లలోపు విమానానికి ల్యాండింగ్ ఛార్జీలు లేవు, చిన్న విమానానికి ఆయిల్ మీద టాక్స్ కూడా 4 శాతమే, పెద్ద జెట్‌లకి కొన్ని రాష్ట్రాల్లో పాతిక శాతం పైన కూడా ఉండేది. ఉడాన్ మొదలైనప్పుడు సగం సీట్లు గంట ప్రయాణానికి 2500 రూపాయలకి ఇస్తే తగ్గిన డబ్బు ప్రభుత్వం 3 ఏళ్ళు ఇచ్చేది. ఇంతవరకు బానే ఉంది. కానీ అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్ డబ్బులు రూపాయల్లో వస్తాయి. నాలుగైదు విమానాలున్న కంపెనీకి ఒకటి రిపేరుకొస్తే ఆ రోజు సర్వీసుల్లో పావు వంతు పోయినట్టే, స్పేర్ విమానం పెట్టుకునే స్తోమత ఉండదు. రెండుసార్లు క్యాన్సిల్ అయితే మూడోసారి నువ్వే బస్సెక్కుతావు, ఔనా కాదా. 3 ఏళ్ళు దాటి సాయం ఆగిపోయిన రోజు అసలు రంగు బయటపడుద్ది.

మరి పెద్దవాళ్ళు కొనుంటే? ఆ ఏటీఆర్‌లు బానే ఉండేవి, పైలట్లకి ఉద్యోగాలు ఉండేవి, కానీ ఆ విమానం కడప వచ్చేదా అంటే అనుమానమే, అదే విమానం ఎక్కువ డబ్బులొచ్చే రూటు మీద వేస్తారు, వేయకపోతే వాళ్ళ షేర్‌హోల్డర్లు ఊరుకోరు. కడపకి కలపడం కన్నా మేలైన దారి ఇంకోటుంది, కోడ్‌షేర్ అంటారు. చిన్న కంపెనీ విమానం చిన్న కంపెనీదే, పెద్ద కంపెనీ తన వెబ్‌సైట్‌లో దాని టికెట్ కూడా అమ్ముద్ది, కడపలో సూట్‌కేస్ ఇస్తే దుబాయ్‌లోనో దోహాలోనో తీసుకోవచ్చు. చిన్నవాడికి పెద్దవాడి గిరాకీ దొరుకుద్ది, రూటు ఉంచాలా తీసేయాలా అన్నది మాత్రం చిన్నవాడి చేతిలోనే ఉంటుంది. ఏ కలెక్టరో ఎంపీయో కంపెనీలతో మాట్లాడేటప్పుడు అడగాల్సింది ఇదీ, అందరూ రిబ్బన్ కటింగ్ డేట్ అడుగుతారు.

ప్రశ్న: మేం సియాటిల్‌లో ఉంటాం. ఇక్కడ జెట్‌బ్లూ అనే ఎయిర్‌లైన్ చవక టికెట్ల స్పిరిట్‌ని కొంటానంటే కోర్టు ఆపేసింది, అలాస్కా ఎయిర్‌లైన్స్ హవాయియన్ ఎయిర్‌లైన్స్‌ని కొంటానంటే గవర్నమెంట్ ఓకే అంది. రెండూ పెద్ద చేప చిన్న చేపే కదా, ఈ తేడా ఏంటి?

జవాబు: మంచి ప్రశ్న, మీరు అలాస్కా వాళ్ళ సొంతూళ్ళోనే కూర్చుని అడుగుతున్నారు. తేడా ఎక్కడుందంటే చిన్న చేపని ఏం చేద్దామనుకుంటున్నారు అన్నదాంట్లో. జెట్‌బ్లూ 380 కోట్ల డాలర్లకి స్పిరిట్‌ని కొని, ఆ పసుపురంగు విమానాల్లో సీట్లు కొన్ని పీకేసి తన పద్ధతిలోకి మార్చేస్తానంది, అంటే చవక టికెట్ అనేదే మార్కెట్లోంచి తీసేస్తానని ముందే చెప్పినట్టు. బోస్టన్‌లో జడ్జి విలియం యంగ్ 2024 జనవరి 16న కుదరదన్నారు, చవక టికెట్ మీద బతికే జనానికి నష్టం అని. హవాయియన్ సంగతి వేరు, ఇద్దరూ తిరిగే రూట్లు తక్కువ చోట్లే కలుస్తాయి, పైగా రెండు పేర్లూ ఉంచుతాం అన్నారు, దీవుల మధ్య తిరిగే సర్వీసులు తగ్గించకూడదని ప్రభుత్వం కండిషన్ పెట్టింది. దీవి నుంచి దీవికి రోడ్డుండదు కదా, అక్కడ విమానమే ఆర్టీసీ బస్సు. 190 కోట్ల డాలర్ల బేరం, అందులో 90 కోట్లు హవాయియన్ అప్పే, 2024 సెప్టెంబరు 18న పూర్తయింది.

జడ్జి చేసింది నాకు నచ్చింది, కానీ ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి, ఆ కొనుగోలు ఆగిన ఏడాదిలోపే, 2024 నవంబరులో స్పిరిట్ దివాలాకి వెళ్ళింది, 2025 ఆగస్టులో మళ్ళీ వెళ్ళింది. చవక టికెట్‌ని కాపాడదామని కోర్టు చూస్తే అది అమ్మేవాడే మంచం పట్టాడు. దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు.

అలాస్కా వాళ్ళు మాత్రం ఒకసారి చెయ్యి కాల్చుకుని ఉన్నారు. 2016లో వర్జిన్ అమెరికాని 260 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారు, అలాస్కా అంతా బోయింగ్, వర్జిన్ అంతా ఎయిర్‌బస్, ఏడేళ్ళు రెండు రకాలూ మోసి 2023లో ఆఖరి ఎయిర్‌బస్‌ని పంపించేశారు, వర్జిన్ పేరు అంతకుముందే పోయింది. ఇప్పుడు హవాయియన్‌తో మళ్ళీ ఎయిర్‌బస్‌లు ఇంటికొచ్చాయి, అయితే ఈసారి పెద్ద విమానాలొచ్చాయి, వాటితోనే మీ సియాటిల్ నుంచి టోక్యోకీ సియోల్‌కీ 2025లో సర్వీసులు పెట్టగలిగారు. కొన్నదాంట్లో తమ దగ్గర లేనిది ఉంది, అందుకే దీని మీద నాకు కాస్త నమ్మకం.

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ కోర్సు చేస్తున్నాడు, లోను తీసుకుని చదివిస్తున్నాం. కంపెనీలు ఇలా కలిసిపోతుంటే వాడికి ఉద్యోగం వస్తుందా అని భయంగా ఉంది. (హైదరాబాద్, ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఉద్యోగం గురించి మరీ అంత భయం వద్దు, విమానాల ఆర్డర్లు చాలా ఉన్నాయి. భయపడాల్సింది సీనియారిటీ లిస్టు గురించి. పైలట్‌కి జీతం, కెప్టెన్ ప్రమోషన్, పెద్ద విమానం, పండక్కి సెలవు అన్నీ ఆ లిస్టులో నంబరు బట్టే. రెండు కంపెనీలు కలిస్తే రెండు లిస్టులు ఒకటవ్వాలి, అక్కడే మొదలవుద్ది, ఉమ్మడి కుటుంబంలో ఎవరు పెద్దకోడలు అనే గొడవ లాంటిదే.

ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిసాయి, రెండూ ప్రభుత్వానివే, కలపడం ఈజీ అనుకున్నారు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మాకూ వాళ్ళతో సమానంగా జీతం కావాలని సమ్మె చేశారు. మరుసటి ఏడాది పాత ఎయిర్ ఇండియా పైలట్లు కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానం ట్రైనింగ్ వాళ్ళకెలా ఇస్తారని 58 రోజులు సమ్మెలో కూర్చున్నారు. కలిసి అయిదేళ్ళయినా మావాళ్ళు మీవాళ్ళు అనే మాట పోలేదు. 2024లో విస్తారా ఎయిర్‌లైన్ ఎయిర్ ఇండియాలో కలిసే ముందు కూడా అంతే, కొత్త జీతం పద్ధతిలో గ్యారంటీ గంటలు, అంటే ఎగిరినా ఎగరకపోయినా నెలకి జీతం లెక్కకట్టే గంటలు, 70 నుంచి 40కి తగ్గాయని పైలట్లకి కోపమొచ్చి ఏప్రిల్‌లో విమానాలు క్యాన్సిల్ అయ్యాయి. మీ అబ్బాయి చేరేటప్పుడు జీతం ఒక్కటే చూడొద్దని చెప్పండి, గ్యారంటీ గంటలెన్ని, మధ్యలో మానకూడదన్న బాండ్ ఎన్నేళ్ళు, కంపెనీ చేతులు మారితే ఆ బాండ్ ఏమవుద్ది, ఇవి కాగితం మీద చదివి సంతకం పెట్టమనండి.

ప్రశ్న: మార్కెట్లో 60 శాతం పైన ఒక్క ఇండిగో చేతిలోనే ఉంది. అది ఇంకో చిన్న కంపెనీని కొంటే ఆపేవాళ్ళు లేరా? (విశాఖపట్నం)

జవాబు: ఉన్నారు, కంపెనీల మధ్య పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్. విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసేటప్పుడు కూడా 2023లో కండిషన్లతోనే ఒప్పుకుంది, కొన్ని రూట్లలో సీట్లు ఇంతకన్నా తగ్గించకూడదని. ఆ కమిషన్ సంగతెలా ఉన్నా 2025 డిసెంబరు గుర్తు తెచ్చుకోండి చాలు. పైలట్ల విశ్రాంతి రూల్స్ మారితే దానికి తగ్గట్టు ఇండిగో రెడీ అవ్వలేదు, వేల విమానాలు క్యాన్సిల్, ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలు, పెళ్ళిళ్ళకి వెళ్ళాల్సినవాళ్ళు అందలేదు, మిగతా కంపెనీల టికెట్ రేట్లు ఆకాశంలో ఉంటే ప్రభుత్వమే రేటుకి పరిమితి పెట్టాల్సొచ్చింది, ఇండిగో సర్వీసుల్లో 10 శాతం కోత పెట్టింది. అదే ఆ రోజు ఇంకో రెండు బలమైన కంపెనీలు ఉంటే జనం అటు ఎక్కేవాళ్ళు. మీ విశాఖ వాళ్ళకి నేను వేరే చెప్పాలా, ఆ వారం మా చుట్టాలు ఇద్దరు వైజాగ్ నుంచి జనరల్ బోగీలో నిలబడి వచ్చారు.

ప్రశ్న: ఏ ఎయిర్‌లైన్ షేర్ కొనమంటారు? (గుంటూరు)

జవాబు: మిర్చి కొనండి.

ప్రశ్న: టికెట్ కొన్నాక కంపెనీ ఇంకోదాంట్లో కలిసిపోతే ఆ టికెట్ చెల్లుద్దా? మా అమ్మ భయపడి అడగమంది. (తిరుపతి)

జవాబు: కలిసిపోతే చెల్లుద్ది, మూతపడితేనే కష్టం, రెండూ ఒకటి కాదని అమ్మకి చెప్పండి. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు ముందే కొన్న టికెట్లన్నీ ఎయిర్ ఇండియా టికెట్లుగా మార్చి ఇచ్చారు, పాయింట్లు కూడా అటే వెళ్ళాయి. మెయిల్‌కి కొత్త నంబరు వస్తుంది, అది ప్రింట్ తీసుకుని పెట్టుకోండి, ఎయిర్‌పోర్టులో ఏ కౌంటరో ఏ టెర్మినలో ముందురోజు ఒకసారి చూసుకోండి, చాలామంది అక్కడే పాత కంపెనీ బోర్డు కోసం వెతుక్కుంటూ నిలబడిపోయారు. అప్పట్లో ఒక చిన్న కిటుకు కూడా ఉండేది, ఏఐ అక్షరాల తర్వాత 2తో మొదలయ్యే నాలుగంకెల నంబరుంటే ఎక్కబోయేది పాత విస్తారా విమానమే అని గుర్తు, సీట్లు బాగుంటాయని ఆ నంబరు చూసి మరీ బుక్ చేసుకున్నవాళ్ళని నేనెరుగుదును, అందులో మా ఇంటావిడ ఒకరు.